పాత్ర, పాత్రత: చిత్తూరు నాగయ్య నటజీవితం ఆధారంగా ఒక విచారణ

భక్తుడి వేషం కట్టిన నటుడికి ఆ వేషం వల్ల భక్తి అబ్బుతుందా అన్నది పైకి కాలక్షేపపు ప్రశ్నగా కనిపించినా, దాని వేళ్లు భారతీయ అలంకారశాస్త్రంలోకీ వేదాంతంలోకీ చాలా లోతుగా దిగి ఉన్నాయి. ఒకరి భావాన్ని మరొకరు మోయగలరా, మోస్తే మోసినవాడిలో ఏమైనా మిగులుతుందా, చూసినవాడు చేతులెత్తి నమస్కరించేది అసలు ఎవరికి అనే మూడు సందేహాలూ ఆ ఒక్క ప్రశ్నలోనే ఇమిడి ఉన్నాయి. తెలుగు భాష ఈ సమస్యనంతా ఒకే మాటలో పెట్టి చూపుతుంది. నాటకంలో నటుడు ధరించే వ్యక్తి 'పాత్ర'. వంటింట్లో పాలు కాచే గిన్నె కూడా పాత్రే. దానానికో, గౌరవానికో, దైవానుగ్రహానికో తగి ఉండటం 'పాత్రత'. నటుణ్ని పాత్ర అనడంలో ఉన్న మర్మాన్ని పదో శతాబ్దపు చివర కాశ్మీరంలో జీవించిన అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యలో విప్పి చెప్పాడు: పానీయం రుచి తాగేవాడికి తెలుస్తుంది గాని గిన్నెకు తెలియదు, నటుడు రసాన్ని ప్రేక్షకుడికి అందించే గిన్నె వంటివాడు. అయితే గిన్నెకు రుచి తెలియకపోయినా వాసన పట్టదా అన్న అనుమానం ఆ ఉపమానాన్నే అంటిపెట్టుకొని వస్తుంది. ఇంగువ కట్టిన గుడ్డ సంగతి తెలిసిన తెలుగువాడికి ఆ అనుమానం మరీ సహజం.

ఈ విచారణకు చిత్తూరు నాగయ్య జీవితం కంటే అనువైన ఆధారం తెలుగు నటుల చరిత్రలో దొరకదు. 1904 మార్చి 28న గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టిన వుప్పలదడియం నాగయ్యకు ఇంటిపేరును మరపించే ఊరిపేరును చిత్తూరు రంగస్థలం ఇచ్చింది. అక్కడి రామవిలాస సభ ప్రదర్శించిన 'సారంగధర' నాటకంలో ఆయన ధరించిన చిత్రాంగి పాత్ర ఆయనకు పేరు తెచ్చింది. 1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'గృహలక్ష్మి'తో తెరకు వచ్చి, మరుసటి ఏడాది బి.ఎన్. రెడ్డి 'వందేమాతరం'లో కథానాయకుడై, 1943లో కె.వి. రెడ్డి తొలిసారి దర్శకత్వం వహించిన 'భక్త పోతన'లో పోతనగా, 1946లో స్వీయ దర్శకత్వంలో త్యాగయ్యగా, 1947లో మళ్లీ కె.వి. రెడ్డి దర్శకత్వంలో యోగి వేమనగా, 1964లో మరోసారి స్వీయ దర్శకత్వంలో భక్త రామదాసుగా కనిపించాడు. తెలుగువారు భక్తులుగా, జ్ఞానులుగా తలచుకునే నలుగురికి ఒకే నటుడు ముఖమూ గొంతూ ఇచ్చాడు. ఒక తరం కళ్లు మూసుకొని పోతనను ఊహించుకుంటే కనిపించింది నాగయ్యే. పోతన ఎలా ఉండేవాడో చూపే సమకాలిక చిత్రం లేదు గనుక, ఆ ఖాళీని సినిమా నింపింది. ఒక ముఖం భక్తికి ఆలంబనంగా, అంటే భావం ఊతగా పట్టుకునే వస్తువుగా మారింది. 1965లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్న ఆయన, ఎంత సంపాదించాడో అంతా అడిగినవాడి చేతిలో పెట్టిన దాతగా ఎంత పేరుపొందాడో, చివరి రోజుల్లో పడిన ఆర్థిక ఇబ్బందులకూ అంతే పేరుపొంది, 1973 డిసెంబరు 30న మద్రాసులో మరణించాడు.

రసం ఎవరిది?

నటుడిలో ఏం జరుగుతుందో తేల్చాలంటే ముందు రసం ఎక్కడ ఉంటుందో తేల్చాలి. విభావాలు అంటే భావానికి కారణమయ్యే వ్యక్తులూ పరిసరాలూ, అనుభావాలు అంటే ఆ భావాన్ని బయటపెట్టే చేష్టలు, వ్యభిచారి భావాలు అంటే అలల్లా వచ్చి పోయే చింత, సిగ్గు, నిస్పృహ వంటివి; ఇవన్నీ కలిసినప్పుడు రసం నిష్పన్నమవుతుందని భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో చెప్పి, అది ఎవరిలో నిష్పన్నమవుతుందో మాత్రం విడమరచలేదు. ఆ మౌనం మీదే తరవాతి ఆచార్యుల వాదాలన్నీ నడిచాయి. రసం ముఖ్యంగా అనుకార్యుడిలో, అంటే నటుడు అనుకరించే రాముడిలోనో దుష్యంతుడిలోనో ఉంటుందనీ, నటుడి మీద అది ఆరోపితమవుతుందనీ భట్టలోల్లటుడు అన్నాడు. ప్రేక్షకుడు నటుణ్ని చూసి రాముడి భావాన్ని ఊహిస్తాడనీ, గోడ మీద గుర్రపు బొమ్మను చూసి గుర్రం అనుకొన్నప్పుడు కలిగే జ్ఞానం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, సందేహమూ కాదు, పోలికా కాదు కనుక నటుడి విషయంలో కలిగేదీ అలాంటి ప్రత్యేక జ్ఞానమేననీ శంకుకుడు వాదించాడు. దీనినే చిత్రతురగ న్యాయం అంటారు. రాముడి శోకం రాముడిదిగానే ఉంటే చూసేవాడికి ఇబ్బందే గాని ఆనందం కలగదనీ, ఆ శోకం ఎవరిదీ కాకుండా అందరిదీ కావాలనీ గుర్తించి, ఆ మార్పుకు సాధారణీకరణం అని పేరుపెట్టినవాడు భట్టనాయకుడు. ఆ సాధారణీకరణాన్ని స్వీకరించి, ప్రేక్షకుడిలో అంతకుముందే సంస్కారరూపంలో ఉన్న వాసనలు మేలుకోవడమే రసాస్వాదమని తేల్చినవాడు అభినవగుప్తుడు.

ఈ వాదాల్లో ఏది నిలుస్తుందో పరీక్షించే సాధనం ఒకటి ఆ ఆచార్యుల చేతిలో లేక ఇరవయ్యో శతాబ్దంలో దొరికింది. రంగస్థలం మీద నటుడూ ప్రేక్షకుడూ ఒకే గాలి పీలుస్తారు కనుక, నటుడి శోకమే నేరుగా ప్రేక్షకుడికి అంటుకుంటోందన్న భ్రమకు చోటుంది. సినిమాలో ఆ చోటు లేదు. నటుడు ముక్కలు ముక్కలుగా, కథ వరసతో పని లేకుండా, ఎదురుగా ప్రేక్షకుడనేవాడే లేకుండా నటిస్తాడు. అతడు కన్నీరు కార్చిన ఎన్నో నెలల తరవాత, ఎన్నడూ చూడని ఊళ్లో, ఎవరో కన్నీరు కారుస్తారు. నాగయ్య కన్నుమూసి అర్ధశతాబ్దం దాటిన తరవాత కూడా ఆయన వేమనను చూసి కంట తడిపెట్టేవాడు ఉన్నాడంటే, ఆ తడికి మూలమైన రసం ఆ క్షణంలో నటుడిలో ఉండే అవకాశం లేదు. అనుకార్యుడైన వేమన అంతకు ముందే ఎన్నడో వెళ్లిపోయాడు. మిగిలింది చూసేవాడి హృదయమే. రసం సహృదయుడిదేనన్న సిద్ధాంతానికి తెర మీది నీడ ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇవ్వలేదు.

కన్నీరు ఎవరిది?

రసం ప్రేక్షకుడిదని తేలినంత మాత్రాన నటుడు శూన్యమని తేలినట్టు కాదు. అభినయం నాలుగు విధాలని శాస్త్రం: అవయవాలతో చేసేది ఆంగికం, మాటతో పాటతో చేసేది వాచికం, వేషభూషలతో చేసేది ఆహార్యం, మనస్సును ఏకాగ్రం చేస్తే తప్ప పుట్టనిది సాత్త్వికం. కొయ్యబారటం, చెమట పట్టటం, ఒళ్లు గగుర్పొడవటం, గొంతు మారటం, వణుకు, రంగు తప్పటం, కన్నీరు, ఒళ్లు తెలియకపోవటం అనే ఎనిమిదీ సాత్త్విక భావాలు. చెయ్యి ఎత్తమంటే ఎత్తవచ్చు గాని గొంతు గద్గదం కమ్మంటే కాదు. దుఃఖమే లేనివాడు కన్నీటిని అభినయించడం ఎలా అని భరతుడే ప్రశ్న వేసి, దానికి సమాహితమైన మనస్సు, అంటే చెదరకుండా ఒకచోట నిలిచిన మనస్సు కావాలన్నాడు. గొప్ప నటుడికి చల్లని తల ఉండాలి, కదిలించేవాడు తాను కదలకూడదు అని పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి తత్త్వవేత్త డిడెరో చేసిన వాదానికి ఇది పూర్తిగా అనుకూలమూ కాదు, పూర్తిగా ప్రతికూలమూ కాదు. భరతుడు నటుణ్ని ఏడవమనలేదు. ఏడుపు పుట్టే చోటికి మనస్సును తీసుకువెళ్లి నిలపమన్నాడు. ధారా నగరాధీశుడు ముంజుడి ఆస్థానంలో దశరూపకం రచించిన ధనంజయుడు మరో అడుగు వేసి, కావ్యార్థాన్ని తానూ భావన చేసుకుంటే నటుడికి కూడా ఆస్వాదం కలగవచ్చనీ, దానికి అడ్డు చెప్పనక్కరలేదనీ ఒప్పుకొన్నాడు. అయితే ఆ క్షణంలో నటుడు తన నటనకు తానే ప్రేక్షకుడవుతున్నాడని గమనించాలి.

'యోగి వేమన'లో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. అన్న కూతురైన పసిపిల్ల మీద ప్రాణం పెట్టుకొన్న వేమన, స్నేహితుడు అభిరాముడితో కలిసి బంగారం చేసే విద్య వెంట పడి ఇల్లు మరిచి, తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల లేదు. ఆ తరవాతి శ్మశాన ఘట్టంలో గొంతు చించుకొనే సదుపాయం కథ ఇచ్చింది; పద్యనాటకపు అలవాటు ప్రకారం రాగం సాగదీసి చప్పట్లు పుట్టించే అవకాశమూ ఉంది. నాగయ్య రెండూ వదులుకొన్నాడు. స్వరం పైకి లేవదు. మాటకూ పాటకూ మధ్య గీత చెరిగిపోయి, పలుకు తనకు తాను చెప్పుకొనేంత దగ్గరికి దిగివస్తుంది. దుఃఖం అక్కడ ప్రదర్శన స్థాయి దాటి ప్రశ్నగా మారుతుంది, ఆ ప్రశ్నతోనే వేమన యోగి కావడం మొదలవుతుంది. నేపథ్యగానం ఇంకా రాజ్యమేలని ఆ రోజుల్లో ఆ గొంతు నటుడిదే కావటం ఇక్కడ ముఖ్యమైన సంగతి. ముఖం ఒకరిదీ గానం ఒకరిదీ అయిన తరవాతి కాలపు సినిమాలో వాచికం రెండు శరీరాల మధ్య పంచుకోబడింది; పోతనలో, త్యాగయ్యలో, వేమనలో ఆ పంపకం లేదు. స్వరభేదమనే సాత్త్విక భావం ఆ గొంతులోనే పుట్టి ఆ గొంతులోనే వినిపించింది కనుక, లోపల ఏదీ జరగకుండానే అది పలికిందనడం కష్టం.

వాసన పడుతుందా?

అలా లోపల జరిగినది లోపలే నిలుస్తుందా అన్నది తరవాతి ప్రశ్న. నిలుస్తుందనే పక్షానికి బలమైన ఆధారం భ్రమరకీటక న్యాయం: తుమ్మెద తెచ్చి గూట్లో పెట్టిన పురుగు భయంతో తుమ్మెదనే తలచి తలచి చివరికి తుమ్మెదే అయినట్టు, దేనిని ఎడతెగక భావిస్తే మనిషి అదే అవుతాడని వేదాంతులు అంటారు. దేవుణ్ని పూజించేవాడు ముందు న్యాసంతో తన అవయవాల్లో దేవతను నిలుపుకొని తానే దేవుడై పూజించాలనే ఆగమ సంప్రదాయం కూడా ఒక విధంగా పాత్రధారణే. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో ఇదే సూత్రాన్ని భయంతో పట్టుకొన్నాడు: చిన్ననాటి నుంచి సాగే అనుకరణలు అలవాటుగా, ఆపైన స్వభావంగా గట్టిపడతాయి కనుక, తన ఆదర్శ రాజ్యాన్ని కాపాడవలసినవారు నీచుల్ని అనుకరించకూడదన్నాడు. ఒకరు ఆశించినదీ మరొకరు భయపడినదీ ఒకటే.

కాని ఈ సూత్రాన్ని నాగయ్య జీవితానికి అన్వయిస్తే చిక్కు వస్తుంది. పోతన వేషం భక్తిని ఇస్తే, చిత్రాంగి వేషం ఏమివ్వాలి? సవతి కొడుకును మోహించి, అతడు కాదన్నందుకు కాళ్లూ చేతులూ నరికించిన రాణి ఆమె. 1941లో తమిళ చిత్రం 'అశోక్ కుమార్'లో నాగయ్య అశోక చక్రవర్తి. ఆ కథలో కూడా సవతి తల్లి తిష్యరక్షిత కునాలుణ్ని మోహిస్తుంది, ఆమె మాట నమ్మిన తండ్రి మోసపోతాడు. ఒకే కథ అచ్చులో ఆయన రంగస్థలం మీద మోసగించిన స్త్రీగా, తెర మీద మోసపోయిన పురుషుడిగా రెండు వైపులా నిలిచాడు. పోతనకూ త్యాగయ్యకూ నడుమ 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లో, భార్యాబిడ్డల్ని వదిలి నాటకాల సుందరి వెంట పోయిన సంపాదకుడు ఆయనే. అదే ఏడాది తమిళ 'మీరా'లో భార్య భక్తి అర్థం కాని రాణా కూడా ఆయనే. మంచి వేషం పుణ్యమిస్తే చెడ్డ వేషం పాపమివ్వాలి. చెడ్డ వేషం పాపమివ్వదంటే మంచి వేషం కూడా పుణ్యమివ్వదని ఒప్పుకోవాలి. ఒక చేత్తో తీసుకొని మరో చేత్తో కాదనడానికి తర్కం ఒప్పుకోదు. పైగా తుమ్మెద గూట్లోని పురుగుకు విరామం లేదు. నటుడికి ఉంది. ఆట ముగిసి కొబ్బరినూనెతో ముఖానికి పూసుకొన్న అర్దళాన్ని తుడుచుకొన్నప్పుడు, గడ్డం జిగురు గోళ్లతో గీకినప్పుడు, గుడ్డకు అంటేది రంగుతో పాటు ఆ రాత్రి మోసిన మనిషి కూడా. ఆ తుడుపు చేతకానివాడికి మరునాడు మరో వేషం కుదరదు. భావన ఎడతెగనిదైతేనే స్వభావమవుతుంది; నటనకు తెగడమే ప్రాణం.

కుశీలవుడి సాక్ష్యం

నటుణ్ని సమాజం ఎలా చూసిందన్న చరిత్రలో కూడా ఇదే ద్వంద్వం ఉంది. సాక్షిగా పిలవరానివారి జాబితాలో మనుస్మృతి కుశీలవుణ్ని, అంటే నటగాయకుణ్ని చేర్చింది; రోజుకో మాట పలికేవాడి మాటకు విలువేమిటన్న శంక దాని వెనక ఉన్నట్టుంది. నాట్యశాస్త్రం చివరి అధ్యాయంలో భరతుడి కొడుకులు ఋషుల్ని వెక్కిరిస్తూ ప్రదర్శన చేసి శాపానికి గురయ్యారన్న కథ ఉంది. నటులకు సమాజంలో పట్టిన తక్కువ స్థితికి శాస్త్రమే ఇచ్చుకొన్న కారణం అది. అయితే ఆ కుశీలవ శబ్దాన్నే సంప్రదాయం కుశలవులతో ముడిపెట్టి చూసింది. వాల్మీకి దగ్గర నేర్చుకొన్న రామకథను ఆ పిల్లలు పాడుతుంటే, రాముడు సింహాసనం దిగి మెల్లగా సభలో ఒకడై విన్నాడని రామాయణం బాలకాండ చెబుతుంది. తన కథను తాను అనుభవించడానికి రాముడంతటివాడు సైతం ప్రేక్షకుల బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. అనుకార్యుడికి బతుకు ఉంటుంది, రసం ఉండదు. రసం కావాలంటే సహృదయుడు కావాలి. భవభూతి 'ఉత్తరరామచరితం' ఏడో అంకంలో వాల్మీకి ఆడించిన నాటకం చూస్తూ రాముడు మూర్ఛపోతే, ఇది నాటకమని లక్ష్మణుడు గుర్తుచేయవలసి వస్తుంది. సాక్ష్యానికి పనికిరాని కుశీలవుల నోటనే సీత నిర్దోషిత్వానికి సాక్ష్యం పలికించిన ఆ కవి వాల్మీకిగా 1963 నాటి 'లవకుశ'లో నాగయ్య కనిపించటం, నలుగురు భక్తుల వరసకు తగిన కొనసాగింపు.

తెలుగు భక్తి సంప్రదాయం వేషాన్ని అబద్ధంగా చూడలేదనడానికి మరో రెండు ఆధారాలున్నాయి. గజేంద్రమోక్షంలో పద్యం నడవక పోతన లేచి వెళితే, శ్రీరాముడే పోతన రూపంలో వచ్చి పద్యం పూర్తిచేశాడని జనశ్రుతి. రామదాసుగా పేరుపొందిన గోపన్న బాకీ తీర్చడానికి రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీల వేషంలో తానీషా దగ్గరికి వెళ్లి సొమ్ము చెల్లించారని మరో జనశ్రుతి. భక్తుడి వేషం నటుడు కట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే దేవుడు భక్తుడి వేషం కట్టాడని జనం నమ్మారు. ఆ నమ్మకంలో ఒక షరతు ఉంది: రామోజీ తన పని ముగించుకొని మాయమయ్యాడు, కొలువులో జీతానికి కుదురుకోలేదు. ఇందుకు ఎదురుగా నిలిచేవాడు వేమన. విభూతి పూతనూ కాషాయపు గుడ్డనూ నిలదీసి, లోపలి శుద్ధి లేని పైవేషాన్ని ఖండించిన ఆయన పాత్రను ధరించడానికి కూడా ఒక నటుడు వేషమే కట్టవలసి రావటంలోని వైపరీత్యం చిన్నదేమీ కాదు. అయినా వేమన ఖండించింది వేషమని ఒప్పుకోని వేషాన్ని. తెర మీద పేరు వేసి, టిక్కెట్టు అమ్మి, ఇది వేషమేనని ముందే చెప్పి కట్టిన వేషానికి ఆ ఖండన వర్తించదు. దొంగ స్వామికీ నటుడికీ మధ్య గీత ఇదే.

ఉద్వాసన చెప్పని భక్తి

చిక్కంతా ప్రేక్షకుడి దగ్గర వస్తుంది. వినాయక చవితినాడు మట్టి ప్రతిమలోకి దేవుణ్ని ఆవాహన చేసి, పూజ ముగిశాక ఉద్వాసన చెప్పి, నీళ్లలో కలుపుతారు. ఉద్వాసన అంటే వచ్చిన దేవతను గౌరవంగా సాగనంపటం; అది జరిగాక మట్టి మట్టే. కాశీ దగ్గరి రామ్‌నగర్ రామలీలలో రాముడి పాత్ర ధరించే బాలుణ్ని స్వరూపమని పిలిచి, కిరీటం తలమీద ఉన్నంతసేపూ హారతులిస్తారు. ఆ దైవత్వం ప్రదర్శన హద్దుల్లోనే ఉంటుందని అందరికీ తెలుసు. సినిమా ఆవాహన చేస్తుంది గాని ఉద్వాసన చెప్పదు. ఆట ముగిశాక కూడా బొమ్మ క్యాలెండరు మీద, గోడ మీద, మనస్సులో ఉండిపోతుంది. 'మాయాబజార్' తరవాత ఎన్.టి. రామారావు ముఖం తెలుగు ఇళ్లలో కృష్ణుడి ముఖమై, తిరుమల వెళ్లిన యాత్రికులు అక్కడినుంచి మద్రాసులో ఆయన ఇంటికి కూడా వెళ్లేవారన్నది అందరికీ తెలిసిన సంగతే; 1983లో ఆయన ముఖ్యమంత్రి కావటంలో ఆ ముఖం పాత్ర ఎంతో తేల్చడం చరిత్రకారుల పని. నాగయ్యను సాక్షాత్తు సాధువుగా చూసి కాళ్లకు మొక్కిన ప్రేక్షకుడిది కూడా ఉద్వాసన చెప్పని భక్తే. గిన్నెలోని తీర్థం పుచ్చుకొన్నాక గిన్నెను నెత్తిన పెట్టుకొనేవాడి పొరపాటు వంటిది అది.

ఈ పొరపాటు నటుడికి ఆపద కూడా. పోతన రాజుకు కావ్యం అంకితమివ్వనన్నాడు. త్యాగయ్య తంజావూరు రాజు కానుకలు కాదన్నాడు. వారి వేషం వేసిన నటుడు మాత్రం పారితోషికం తీసుకొనే ఆ వైరాగ్యాన్ని అభినయించాలి. కోటి విద్యలు కూటికొరకే అన్న సామెత నటవిద్యను మినహాయించలేదు. ఇందులో తప్పు లేదు, దాన్ని కపటమనేవాడు నటనను, బోధను కలిపి గందరగోళపడుతున్నాడు. అయితే రోజూ వైరాగ్యాన్ని పలికి రోజూ డబ్బు లెక్కపెట్టుకొనే చేతికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. నాగయ్య ఆ ప్రశ్నకు మాటతో జవాబివ్వలేదు. చేతికి వచ్చినది లెక్క చూడకుండా ఇచ్చివేశాడు. పాత్రులకూ అపాత్రులకూ తేడా చూడని ఆ దానాన్ని లోకజ్ఞులు తప్పుపట్టారు. చివరి రోజుల్లో చిన్నా చితకా వేషాలకు ఒప్పుకోవలసి వచ్చిన స్థితిని చూపి, అది అవివేకమనీ అన్నారు. పోతన వేషమే ఆయనను దాతను చేసిందని తేల్చడానికి మాత్రం ఆధారం లేదు. దాతృత్వం ఉన్న మనిషి కనుకనే పోతన అంత నమ్మదగ్గవాడిగా పలికాడని ఎదురు చెప్పవచ్చు. రెండింటికీ మూలం మరొకటి కావచ్చు. గోడమీది గుర్రాన్ని చూసి గుర్రపుశాలలోని గుర్రం వయసు చెప్పడం శంకుకుడి న్యాయం కూడా ఒప్పుకోని పని.

ఈ చిక్కును విప్పే దీపం విద్యారణ్యుల 'పంచదశి'లో దొరుకుతుంది. నాటకదీపమనే పదో ప్రకరణంలో ఆయన ఆత్మను రంగస్థలం మీద వెలిగే దీపంతో పోల్చాడు. ఆ దీపం యజమానినీ, సభ్యుల్నీ, నర్తకినీ ఒకే తీరుగా ప్రకాశింపజేస్తుంది. అందరూ లేచి వెళ్లిపోయాక కూడా ఖాళీ రంగం మీద అలాగే వెలుగుతుంది. అహంకారం యజమాని, విషయాలు సభ్యులు, బుద్ధి నర్తకి, సాక్షి దీపం. ఈ పోలిక ప్రకారం చూస్తే చిత్రాంగి వచ్చి వెళ్లినా, పోతన వచ్చి వెళ్లినా, వేమన వచ్చి వెళ్లినా దీపానికి పాపమూ లేదు, పుణ్యమూ లేదు. వేషాలన్నీ బుద్ధి ఆడే ఆటలే. ఏ వేషంలో ఉన్నా తాను వేషం కాదన్న ఎరుక పోగొట్టుకోనివాడే నటుడు. అదే ఎరుక ఇంట్లో, బజారులో, కచేరీలో కూడా పోగొట్టుకోనివాడు జ్ఞాని. వారిద్దరి మధ్య ఉన్నది ఆ ఎరుక ఎంతసేపు నిలుస్తుందన్న తేడా. నటవిద్య మోక్షమివ్వదు గాని, మోక్షశాస్త్రం నోటితో చెప్పేదాన్ని నటుడు ప్రతి రాత్రీ ఒంటితో అభ్యసిస్తున్నాడు.

కనుక మొదటి ప్రశ్నకు జవాబు రెండు భాగాలుగా చెప్పవలసి ఉంటుంది. పాత్ర నుంచి రసం ప్రేక్షకుడికి వెళుతుంది. ఆ రసానికి నటుడు హక్కుదారు కాడు, అతడి జీవితం మంచిదైనా చెడ్డదైనా ఆ రసం రుచి మారదు. పాత్రత మాత్రం వేషంతో రాదు. రంగు తుడిచిన తరవాత ఆ చేతులు చేసే పనిలో దానిని వెదకాలి. భక్తుల వేషాలు కట్టినందుకు నాగయ్య గొప్ప నటుడు. ఆ వేషాలు విప్పిన చేత్తో ఉన్నదంతా ఇచ్చినందుకు గౌరవానికి పాత్రుడు. ఈ రెండు కారణాలను కలపకుండా, దేని విలువ దానికి ఇవ్వటమే ఆయనకు తెలుగువారు చెల్లించవలసిన బాకీ.